పటంలో లక్ష మెగావాట్లు... కొండలపై నాలుగు వేలే!

* గాలిని గళ్లుగా విభజించి లెక్కగట్టిన కంప్యూటర్లు
* 'బంజరు' అంటున్న పటం... మేత భూమి అంటున్న పల్లె

అనంతపురం: కళ్లంలో కొర్రలు, జొన్నలు తూర్పార పట్టిన రైతుకు గాలి సంగతి వేరొకరు చెప్పనక్కరలేదు. కళ్లం ఏ మిట్టన వేయాలో, చేట ఎటు తిప్పి పట్టాలో, పొద్దు వాలే వేళకు గాలి ఎటు మళ్లుతుందో తరతరాల అనుభవమే నేర్పింది. ఆషాఢం వచ్చిందంటే వాముల మీద రాళ్లు కట్టి వేలాడదీయడం ఈ సీమలో పాత అలవాటే. ఇప్పుడు అదే గాలిని వేల మైళ్ల అవతల డెన్మార్కులోని ఒక విశ్వవిద్యాలయంలో కంప్యూటర్లు లెక్కగట్టి, ప్రపంచ పటంపై రంగులద్ది చూపుతున్నాయి. ఉరవకొండ మిట్ట గాని, రామగిరి కొండ గాని, అక్కడ 100 మీటర్ల ఎత్తున సగటున గాలి ఎంత వేగంతో వీస్తుందో చేతిలోని సెల్‌ఫోనులోనే ఉచితంగా చూసుకోవచ్చు.

అయితే ఈ పటాలు చూపుతున్న అంకెలకూ, కొండలపై కనిపిస్తున్న గాలిమరలకూ పొంతన కుదరడం లేదు. 2010లో వెలువడిన భారత పవన పటం ప్రకారం 50 మీటర్ల ఎత్తులో ఆంధ్రప్రదేశ్ పవన విద్యుత్ సామర్థ్యం 5,394 మెగావాట్లు మాత్రమే. 80 మీటర్ల ఎత్తుకు అది 14,497 మెగావాట్లయింది. ఈ రెండూ ఉమ్మడి రాష్ట్రానికి సంబంధించిన అంకెలు. విభజన అనంతరం మిగిలిన రాష్ట్రానికే 100 మీటర్ల ఎత్తులో 44,229 మెగావాట్లు, 120 మీటర్ల ఎత్తులో దాదాపు 75 వేల మెగావాట్లు, 150 మీటర్ల ఎత్తులో 1,23,000 మెగావాట్లకు పైగా ఉన్నట్లు చెన్నైలోని జాతీయ పవన విద్యుత్ సంస్థ తేల్చింది. కాగా 2025 మార్చి నాటికి రాష్ట్రంలో నెలకొల్పిన గాలిమరల సామర్థ్యం సుమారు 4,100 మెగావాట్లు. ఈ అంకె 2019 నాటికీ దాదాపు ఇంతే కావడం గమనార్హం.

పటంలో సామర్థ్యం ఇన్ని రెట్లు ఎలా పెరిగింది? పెరిగినది గాలా, లెక్కా? ఈ ప్రశ్నకు సమాధానం తెలుసుకోవడం పొలం గట్టున మర నిలబడబోయే ప్రతి రైతుకూ అవసరమే.

స్తంభం నుంచి కంప్యూటరుకు...

గాలిని కొలవడానికి ఒకప్పుడు ఉన్న మార్గం ఒక్కటే. స్తంభం పాతి, దాని కొసన వేగాన్ని కొలిచే గిన్నెల పరికరాన్ని బిగించి, నెలల తరబడి వివరాలు నమోదు చేయడం. మన దేశంలో ఈ కృషికి ఆద్యురాలిగా వాతావరణ శాస్త్రవేత్త అన్నా మణిని చెప్పుకోవాలి. భారత వాతావరణ శాఖలో ఉన్నత పదవి నిర్వహించి 1976లో విరమణ పొందిన ఆమె, బెంగళూరు కేంద్రంగా దేశంలో వందల చోట్ల గాలి వేగాలను కొలిపించారు. పవన విద్యుత్కేంద్రాలకు అనువైన చోట్లు ఏవో దేశానికి తెలిసింది ఆ సర్వేల పుణ్యమే. రామగిరి కొండలపై 1990ల మధ్యలో తొలితరం మరలు వెలసిన నాటికి ఇటువంటి స్తంభాల కొలతలే ఆధారం.

కానీ స్తంభం చెప్పేది తాను నిలిచిన చోటి సంగతే. పక్క కొండపై గాలి వేరు, లోయలో వేరు. భూమండలమంతా స్తంభాలు పాతడం అయ్యే పని కాదు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన క్రిస్టినా ఆర్చర్, మార్క్ జాకబ్సన్ 2005లో ప్రపంచ వ్యాప్తంగా వాతావరణ కేంద్రాల కొలతలను పోగుచేసి, 80 మీటర్ల ఎత్తులో అనువైన చోట్ల 72 టెరావాట్ల పవన శక్తి ఉందని అంచనా కట్టారు. కొలతలు లేని ప్రాంతాలు మాత్రం ఆ పటంలో ఖాళీగానే మిగిలాయి.

ఆ ఖాళీలను పూరించినది కంప్యూటరే. వాతావరణ సూచనల కోసం ఉపగ్రహాలు, బెలూన్లు, ఓడలు, విమానాలు, భూమిపై కేంద్రాలు రోజూ పంపే వివరాలు గుట్టలుగా పోగుపడి ఉన్నాయి. గాలి కదలికకు, వేడికి, తేమకు సంబంధించిన భౌతిక సూత్రాలతో ఆ పాత వివరాలను తిరిగి నడిపిస్తే, కొలతలు లేని చోట కూడా ఏ గంటకు గాలి ఎలా వీచి ఉంటుందో తెలుస్తుంది. దీనినే పునర్విశ్లేషణ అంటారు. 2009లో హార్వర్డ్ శాస్త్రవేత్తలు ఇటువంటి సమాచారంతోనే ప్రపంచమంతటినీ లెక్కగట్టారు. అడవులు, మంచు, పట్టణాలు మినహాయించి మిగిలిన నేలపై 2.5 మెగావాట్ల మరలు నిలిపితే, అవి తమ సామర్థ్యంలో 20 శాతమే పనిచేసినా, నాటి ప్రపంచ విద్యుత్ వాడకానికి 40 రెట్లు మించి ఉత్పత్తి చేయగలవని వారు తేల్చారు.

మూడు మండలాల గడి నుంచి 15 ఎకరాల గడికి...

ప్రస్తుతం అందరికీ అందుబాటులో ఉన్న ప్రపంచ పవన పటాన్ని డెన్మార్క్ సాంకేతిక విశ్వవిద్యాలయం రూపొందించింది. తొలి కూర్పు 2015లో వెలువడింది. 2017 నుంచి ప్రపంచ బ్యాంకు తోడ్పాటు లభించింది. 2019లో వచ్చిన మూడవ కూర్పులో 10 మీటర్ల నుంచి 200 మీటర్ల వరకు ఐదు ఎత్తులకు వివరాలున్నాయి.

ఈ పటం మూడు అంచెల్లో తయారవుతుంది. మొదటి అంచెలో ఐరోపా వాతావరణ కేంద్రం వారి పునర్విశ్లేషణ సమాచారం. ఇందులో ఒక్కొక్క గడి సుమారు 31 కిలోమీటర్ల పొడవు, అంతే వెడల్పు. అనంతపురం లెక్కన అది దాదాపు మూడు మండలాల విస్తీర్ణం. మూడు మండలాలకూ కలిపి ఒకే గాలి అంటే రైతు నవ్వుతాడు. అందుకే రెండవ అంచెలో ప్రాంతీయ వాతావరణ నమూనా ఆ గడిని మూడు కిలోమీటర్ల గళ్లుగా చీల్చి, పర్వత శ్రేణులు, నేల వేడి గాలిని ఎలా మళ్లిస్తాయో లెక్కిస్తుంది. మూడవ అంచెలో కొండ వాలు, చెట్లు, ఇళ్ల అడ్డంకులను పరిగణనలోకి తీసుకొని 250 మీటర్ల గడికి దిగుతుంది. అంటే సుమారు 15 ఎకరాలకు ఒక అంకె. 2010 నాటి భారత పటంలో ఒక్కో గడి ఐదు కిలోమీటర్లు, అంటే ఆరు వేల ఎకరాలకు పైమాటే. అంత పెద్ద గడిలో సన్నని కొండ శిఖరం సగటులో కలిసిపోయి కనిపించకుండా పోయేది. గడి చిన్నదైన కొద్దీ అటువంటి శిఖరాలు ఒక్కొక్కటీ పటంలోకి వచ్చాయి.

వాన రాని గాలి...

రాయలసీమకు ఈ గాలి ఎక్కడిదన్నది మరో ప్రశ్న. నైరుతి రుతుపవనాలు అరేబియా సముద్రం నుంచి వచ్చి పశ్చిమ కనుమలను తాకి, తేమలో అధిక భాగాన్ని అక్కడే కురిసి వదిలేస్తాయి. కనుమలు దాటి పీఠభూమి మీదుగా సీమకు చేరే సరికి మిగిలేది పొడిగాలి. జూన్ నుంచి సెప్టెంబరు వరకు ఆ గాలి మాత్రం జోరు తగ్గదు. ఏటా సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకునే అనంతకు కరవు తెచ్చిన భౌగోళిక స్థితే గాలి సంపదనూ ఇచ్చింది. విత్తనం వేసి వాన కోసం ఆకాశం వైపు చూసే నెలల్లోనే మరలు అత్యధికంగా తిరుగుతాయి.

గాలి పెరగలేదు... ఎత్తు పెరిగింది, గీత మారింది!

గాలి నుంచి లభించే శక్తి వేగానికి ఘనంగా పెరుగుతుంది. వేగం రెట్టింపైతే శక్తి ఎనిమిది రెట్లు. సెకనుకు ఆరు మీటర్ల గాలికీ ఏడు మీటర్ల గాలికీ తేడా ఒక్క మీటరే అయినా, శక్తిలో తేడా 59 శాతం. అందువల్ల పటంలో వేగం పది శాతం పొరపాటు పడితే గాలిలోని శక్తి లెక్క ముప్పై శాతానికి పైగా తప్పుతుంది. సీమ కొండలపై వేడికి, ఎత్తుకు గాలి పలుచబడి, సముద్ర మట్టంతో పోలిస్తే సాంద్రత సుమారు పదో వంతు తగ్గుతుంది. ఆ మేరకు శక్తి కూడా తగ్గుతుంది.

నేలకు దగ్గరగా చెట్టూ పుట్టా గాలిని అడ్డుకుంటాయి. పైకి వెళ్లే కొద్దీ వేగం హెచ్చుతుంది. చదునైన నేలకు ఇంజినీర్లు వాడే సాధారణ సూత్రం ప్రకారం 50 మీటర్ల నుంచి 150 మీటర్లకు వెళితే వేగం సుమారు 17 శాతం, శక్తి సుమారు 60 శాతం పెరుగుతాయి. కాని పటంలో రాష్ట్ర సామర్థ్యం 5,394 నుంచి 1,23,000కు, అంటే 22 రెట్లకు పైగా పెరిగింది. అదీ తెలంగాణ వేరుపడిన తరువాత. ఎత్తు ఒక్కటే ఇందుకు కారణం కాదన్నది స్పష్టం.

కొంత భాగం గడి చిన్నది కావడం వల్ల వచ్చింది. మరికొంత, ఒకప్పుడు అర్హత గీతకు కాస్త దిగువన ఉండిపోయిన విశాల ప్రాంతాలు ఎత్తు పెరగడంతో గీత దాటడం వల్ల వచ్చింది. మిగిలినది భూమి లెక్క. 2010 పటంలో మన వంటి రాష్ట్రాల్లో అనువైన ప్రాంతంలో రెండు శాతం భూమి మాత్రమే మరలకు దొరుకుతుందని, చదరపు కిలోమీటరుకు తొమ్మిది మెగావాట్లు పడతాయని అనుకున్నారు. 100 మీటర్ల లెక్కలో ఈ పద్ధతి మారింది. బంజరులో 80 శాతం, సాగుభూమిలో 30 శాతం, అటవీ భూమిలో 5 శాతం దొరుకుతుందని భావించారు. రాష్ట్రానికి చూపిన 44,229 మెగావాట్లలో 22,525 బంజరు భూముల్లో, 20,538 సాగు భూముల్లో, 1,165 అటవీ భూముల్లో ఉన్నట్లు ఆ లెక్క చెబుతోంది. అంటే గాలిని కొలిచినది కంప్యూటరే అయినా, సామర్థ్యాన్ని నిర్ణయించినది మాత్రం భూమి ఎంత దొరుకుతుందన్న ఊహ. ఆ భూమి ఎవరిదో పటం చెప్పదు.

పటానికి బంజరు... పల్లెకు బతుకుతెరువు

ఈ వ్యత్యాసం ఎటువంటిదో తెలియాలంటే శ్రీ సత్యసాయి జిల్లా చెన్నేకొత్తపల్లి ప్రాంతంలోని కల్పవల్లిని చూడాలి. రెవెన్యూ రికార్డుల్లో బంజరుగా నమోదైన ఆ కొండలను 1990ల ఆరంభం నుంచి చుట్టుపక్కల గ్రామస్థులు, టింబక్టు కలెక్టివ్ సంస్థ కలసి కాపాడుకుంటూ వచ్చారు. నిప్పు పడకుండా కాపలా కాసి, వేల ఎకరాల్లో చెట్టు, గడ్డి తిరిగి మొలకెత్తేలా చేశారు. గొర్రెలకు మేత, ఈత ఆకు, ఇళ్లపై కప్పే బోద గడ్డి, చెరువులకు నీటి ఊట వారికి లభించాయి. రికార్డు మాత్రం మారలేదు. 2010 ప్రాంతంలో అక్కడ గాలిమరల నిర్మాణం మొదలైంది. మరలు నిలిచే చోటు కొద్ది ఎకరాలే అయినా, పొడవైన రెక్కలను మోసే వాహనాల కోసం కొండలను తొలిచి వెడల్పాటి రోడ్లు వేయవలసి వచ్చింది. వాలులు కోసుకుపోయాయని, మేత తరిగిందని గ్రామస్థులు ఆవేదన చెందారు. వివాదం జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లింది.

ఇందులో మరో కోణమూ ఉంది. 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ జాబితాలో పవన విద్యుత్ ప్రాజెక్టులు లేవు. కాబట్టి ఆ నోటిఫికేషన్ కింద గనులకు, థర్మల్ కేంద్రాలకు జరిగినట్లు బహిరంగ ప్రజాభిప్రాయ సేకరణ వీటికి జరగదు. పొగ లేని విద్యుత్తు కావడమే ఇందుకు కారణం. ఆ ఉద్దేశం మంచిదే. కాని కొండ వాలు దెబ్బతింటుందా, మేత ఎంత పోతుంది అని పల్లె అడగవలసిన వేదిక మాత్రం లేకుండా పోయింది.

మరలు ఎందుకు ఆగాయి?

గాలి లేక మరలు ఆగలేదన్నది సుస్పష్టం. 2016-17 ఒక్క ఆర్థిక సంవత్సరంలోనే రాష్ట్రంలో సుమారు 2,190 మెగావాట్ల పవన విద్యుత్ సామర్థ్యం నెలకొంది. ఆ ఏడాది దేశంలో ఏ రాష్ట్రమూ అంత చేర్చలేదు. నాడు రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి నిర్ణయించిన ధర యూనిట్‌కు 4.84 రూపాయలు. 2017 ఫిబ్రవరిలో దేశంలో తొలిసారి పవన విద్యుత్తుకు వేలం జరిగినపుడు ధర 3.46 రూపాయలకు దిగింది. పాత ధరలు భారమని భావించిన రాష్ట్ర ప్రభుత్వం 2019 జులైలో ఒప్పందాల సమీక్షకు కమిటీ వేసింది. ఉత్పత్తిదారులు కోర్టుకెక్కారు. ఒప్పందంలోని ధర ప్రకారమే చెల్లించాలని 2022 మార్చిలో హైకోర్టు తీర్పు చెప్పింది. ఈ మధ్య కాలంలో కొత్త మరల ఊసే లేకపోయింది.

మళ్లీ ఇప్పుడు కదలిక మొదలైంది. 2024 అక్టోబరులో వెలువడిన రాష్ట్ర సమగ్ర స్వచ్ఛ ఇంధన విధానం 35 వేల మెగావాట్ల పవన విద్యుత్తును లక్ష్యంగా పెట్టుకుంది. గుత్తి మండలం బేతపల్లి వద్ద సౌర, పవన విద్యుత్తులతో పాటు బ్యాటరీ నిల్వ కూడా కలిసిన ప్రాజెక్టుకు 2025 మే నెలలో శంకుస్థాపన జరిగింది. నాలుగు వేల నుంచి ముప్పై అయిదు వేలకు చేరాలంటే, ఇన్నాళ్లూ పటంలోనే ఉన్న బంజరూ సాగుభూమీ నిజంగా చేతులు మారవలసి ఉంటుంది.

పటం చెప్పనివి...

కంప్యూటర్ పటం ఎంత సూక్ష్మమైనా కొలతకు ప్రత్యామ్నాయం కాదని దాని రూపకర్తలే చెబుతారు. కొండలు ఎగుడుదిగుడుగా ఉన్న చోట నమూనా తడబడుతుంది. ఎక్కడ వెతకాలో పటం చూపుతుంది. పెట్టుబడి పెట్టే ముందు ఆ చోట కనీసం ఏడాది పాటు స్తంభం పాతి కొలవడం, ఆ కొలతను దీర్ఘకాలిక సమాచారంతో పోల్చి చూడడం రివాజు. బ్యాంకులు అప్పు ఇచ్చేది ఆ కొలత చూసే.

రెండవది, పటం చూపేది గడిచిన కాలపు సగటు. ప్రపంచ పవన పటం మూడవ కూర్పు 2008 నుంచి 2017 వరకు పదేళ్ల వాతావరణంపై ఆధారపడింది. మరలు పాతికేళ్లు తిరగాలి. హిందూ మహాసముద్రం వేడెక్కడం వల్ల రుతుపవన గాలులు మందగించి, 1980, 2016 సంవత్సరాల మధ్య దేశ పవన శక్తి సుమారు 13 శాతం తగ్గిందని 2018లో హార్వర్డ్ శాస్త్రవేత్తలు పాల్గొన్న అధ్యయనం పేర్కొంది. ఈ ధోరణి పశ్చిమ భారతంలో ఎక్కువని కూడా తెలిపింది. సీమకు వచ్చేది ఆ రుతుపవన గాలే కనుక ఈ సంగతిని ప్రణాళికలు వేసేవారు కొట్టిపారేయలేరు.

రైతు చేతిలో పటం...

పదిహేనేళ్ల కిందట కొండ కింది రైతు తన నాలుగెకరాలను అమ్మినా, లీజుకిచ్చినా గాలి విలువ తెలిసినది కొనే పక్షానికి మాత్రమే. స్తంభం పాతినదీ వారే, కొలతలు దాచుకున్నదీ వారే. రైతుకు తెలిసినది పంట రాని రాళ్ల నేల ధర. నేడు పరిస్థితి కొంత మారింది. తన పొలం ఉన్న పదిహేను ఎకరాల గడిలో గాలి వేగం ఎంతో, పక్క ఊరి గడిలో ఎంతో ఇంట్లో చదువుకునే పిల్లవాడు ఫోనులో చూసి చెప్పగలడు. ఆరు మీటర్ల చోటుకూ ఏడు మీటర్ల చోటుకూ ఒకే ధర ఇవ్వజూపితే ఎందుకని అడగవచ్చు. పటంలోని అంకె ఉజ్జాయింపే కాబట్టి, పొలంలో స్తంభం పాతినపుడు ఆ కొలతలు తనకూ చూపాలన్న షరతును ఒప్పందంలో చేర్పించుకోవచ్చు. రోడ్డు ఎటు నుంచి పోతుంది, వాననీటి వంక మూసుకుపోతుందా, మేత దారి మిగులుతుందా అన్నవి సంతకానికి ముందే తేల్చుకోవలసిన విషయాలు.

ప్రభుత్వం చేయవలసిన పనీ ఉంది. గాలిని 15 ఎకరాల గళ్లుగా విడగొట్టి చూపగల కాలంలో, భూమిని 'బంజరు' అన్న ఒక్క ముద్రతో సరిపెట్టడం తగదు. ఏ సర్వే నంబరులో మేత ఉంది, ఏ వాలు నుంచి ఏ చెరువుకు నీరు దిగుతుంది, ఏ కొండను ఏ ఊరు కాపాడుకుంటోంది అన్న వివరాలను గ్రామసభల ద్వారా సేకరించి, పవన పటం పక్కనే ఉంచాలి. మరలకు అనువైన చోట్లను ఆ రెండింటినీ కలిపి చూసి నిర్ణయిస్తే వివాదాలు తగ్గుతాయి, పనులూ వేగంగా సాగుతాయి. గాలి లెక్క కోసం సముద్రాల అవతలి కంప్యూటర్లు శ్రమించాయి. భూమి లెక్క తెలిసినవారు ఊళ్లోనే ఉన్నారు. రచ్చబండ వద్ద కూర్చోబెట్టి అడగడమే మిగిలి ఉంది.